నాంచారి నాలుక

వరిపాడు రాజ్యానికి పట్టిన గతి పగవాడికి కూడా వద్దు. ఒకనాటి ఉదయం నుంచి అక్కడ ఏం వండినా బూడిద రుచే వచ్చేది. పెద్దలు ముక్కు మూసుకుని మింగారు. పిల్లలు మాత్రం ముద్ద నోట పెట్టగానే ఉమ్మేశారు. వంకాయ కూర చూసి మూతి ముడిచే మీలాంటి వాళ్ళు కాదు సుమా! ఆకలికి ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడ్చే ఓపిక కూడా లేక చాపల మీద పడి ఉన్నారు.

రాజుగారి పాకశాలలో వంట నేర్చుకునే నాంచారికి పదిహేనేళ్ళు. ఆమె చెల్లెలు పోలికి ఐదు. ఇరవై రోజులకు పోలి చేతులు చీపురుపుల్లలయ్యాయి.

నాంచారి గొప్ప విద్యార్థిని అనుకునేరు! రెండుసార్లు పరీక్ష తప్పిన పిల్ల. పాకశాలలో వండినది ముందు దేవుడికి నైవేద్యం పెట్టాలి. ఈలోగా రుచి చూస్తే ఎంగిలే. వాసన, ఉడుకు చప్పుడు, చేతి కొలతలతోనే వండాలి. నాంచారి ఊరుకునేదా? గరిట అంచు నాకేది, గురువమ్మ వెంగమ్మకు దొరికిపోయేది.

రుచులు దోచినవాడు చీకటికొండ రాక్షసుడని తెలిసింది. వెళ్ళిన సైనికులు తల వేలాడేసుకుని వచ్చారు. ఇక ఎవరూ కదలలేదు. నాంచారి చద్దిమూట కట్టుకుని అడవిదారి పట్టింది.

ముళ్ళడవిలో ఎలుగుబంటి అడ్డం నిలిచింది. "మూట ఇస్తావా, నిన్ను తినమంటావా?" నాంచారి మూట ఇచ్చింది. ఎలుగు ఒక్క ముద్ద తిని ఉమ్మేసింది. "తేనె కూడా ఇంతే అమ్మాయీ. నా పిల్లలు ముట్టడం లేదు" అని బావురుమంది. నాంచారి కూడా దాని పక్కనే కూలబడి ఏడ్చింది.

కొండ కింద ఒక ముని కనిపించాడు. "తిరిగి పో తల్లీ. ఆ రాక్షసుడి గుహలోంచి ఏదీ ఊరికే రాదు."

"తిరిగిపోతే ఇంట్లో ఏముంది తాతా? చెల్లికి పాడె కట్టడమేగా!"

ముని దారి చూపించి కళ్ళు మూసుకున్నాడు.

గుహలో రాక్షసుడు పెద్ద కుండను కౌగిలించుకుని కూర్చున్నాడు. "ఏమే పిల్లా! వెయ్యేళ్ళుగా నా నాలుక చచ్చిపోయి ఉంది. మీ రుచులన్నీ దోచుకొచ్చి ఈ కుండలో దాచినా ఒక్కటీ తెలియడం లేదు. ఆ సైనికుల నాలుకలకు కారం తప్ప ఏమీ తెలియదు. నీది గరిటలు నాకిన నాలుకలా ఉందే! దాని చవి నాకిస్తే కుండ మూత తీస్తాను. కానీ ఇక జన్మలో నీకు చింతకాయ పులుపు కూడా తెలియదు."

నాంచారికున్న ఆస్తి ఆ నాలుకొక్కటే. వెక్కి వెక్కి ఏడ్చింది. చివరికి నోరు తెరిచింది.

ఆమె తిరిగొచ్చేసరికి ఊళ్ళో పొయ్యిలన్నీ ఘుమఘుమలాడుతున్నాయి. వాళ్ళ అమ్మ పోలి నోటికి నేతి బొబ్బట్టు అందిస్తోంది.

"వద్దమ్మా! మాడిన కడుపుకు విందు విషమని గురువమ్మ చెప్పలేదూ? ముందు జావ, అదీ గుక్కెడు గుక్కెడు" అని నాంచారి రాగిపిండి తీసింది.

వెంగమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాంచారి జావ చప్పుడు విన్నది, ఆవిరి వాసన చూసింది, మూడు వేళ్ళతో ఉప్పు వేసింది. సరిపోయిందా? ఎలా తెలుస్తుంది! ఈసారి కూడా ఉమ్మితే పోలి మళ్ళీ నోరు తెరవదు. గిన్నె చెల్లి నోటికి అందించింది.

పోలి ఒక గుక్క తాగింది. కళ్ళు తెరిచింది. "ఇంకా పోయవే అక్కా."

"రుచి చూశావుటే?" అంది వెంగమ్మ.

"లేదండీ గురువమ్మా."

"అయితే ఈసారి గట్టెక్కావు. పాకశాల పెత్తనం ఇక నీదే" అని ఆమె మురిసిపోయింది.

పోలి గిన్నెను అక్క నోటికి ఆనించింది. "నువ్వూ తాగు. బాగుంది."

నాంచారి తాగింది. "అవునే, చాలా బాగుంది" అంది.

కథ పొయ్యి దిగింది. ఇక లేచి కంచాల ముందు కూర్చోండి. మొదటి ముద్ద తినేటప్పుడు ఆ పిల్లను ఒకసారి తలచుకోండి.