యారాడ సొరంగంలో గొంతు

మూడో బృందం లోపలికి వచ్చేసరికి సొరంగమంతా వేయించిన మొక్కజొన్న వాసన. గైడు నీలోత్పల శిలాశ్రవణి యంత్రాన్ని గోడకు ఆనించి, రోజూ చెప్పే మాటలే మొదలుపెట్టింది.

"శబ్దం తగిలితే రాయి సన్నగా కంపిస్తుంది. ఆ జాడ రాతిలో ఉండిపోతుంది. ఈ యంత్రం దాన్ని మళ్లీ శబ్దంగా మారుస్తుంది. మూడో ప్రపంచయుద్ధంలో విశాఖ రేవు మీద బాంబులు పడిన రోజు ఇక్కడ తలదాచుకున్నవాళ్ల గొంతులు వినండి."

యుద్ధం జరిగిన చోటల్లా ఇప్పుడు శిలాశ్రవణులే. చరిత్ర ఎవరూ చదవడం లేదు. రేవులూ వంతెనలూ తిరుగుతూ వింటున్నారు. యారాడ కొండకు మాత్రం ఒక్క మాట కోసం వస్తారు. సొరంగం తలుపు కూలి ఊపిరాడనప్పుడు, పైనున్న గాలి కన్నం వైపు బిడ్డను అందిస్తూ ఒక తల్లి అన్న మాట.

ఆ గొంతు రాకముందే చేతులన్నీ పైకి లేచాయి. బయట దుకాణంలో కొన్న రబ్బరు పాప బొమ్మలు ఆ చేతుల్లో ఉన్నాయి.

"పైకెత్తండయ్యా, నా పిల్లకి గాలందుతాది" అని అందరూ రాగం తీశారు. ఒకాయన పాపను ఎగరేసి పట్టుకున్నాడు. నవ్వులు.

అంతా వెళ్లిపోయినా ఒక ముసలామె గోడ దగ్గరే నిలబడింది. పేరు వరహాలమ్మ.

"నాకేటీ ఇనబళ్లేదు తల్లీ. ఆల గోలే ఇనబడింది" అంది. గోడ నిమిరి, "ఆ పిల్లని నేనే" అంది.

"ఇన్నేళ్లూ రాలేదేం మామ్మా?"

"అమ్మ సావుకేక ఇనడానికి బయమేసింది. ఇప్పుడు ఒక్కపాలి ఇని పోదామని."

నీలోత్పల తరువాతి బృందాన్ని బయటే ఆపి, తలుపు మూసి, యంత్రం పెట్టింది. గోడ పలికింది. రాగం, నవ్వులు, పొట్లాలు చింపిన చప్పుడు. వేరే రాయికి ఆనించింది. అదే. ఇంకా లోతుకు తిప్పింది. అదే.

రాయికి చచ్చేవాళ్లెవరో, చూడవచ్చినవాళ్లెవరో తెలియదు. యంత్రం పెట్టినప్పటి నుంచీ, ఈ పన్నెండేళ్లుగా వచ్చిన ప్రతివాడి కేకా ఆ తల్లి గొంతు మీద పేరుకుపోయింది.

మొదట్లో రికార్డు చేసింది ఉందేమోనని నీలోత్పల కార్యాలయానికి ఫోను చేసింది. మేనేజరు విసుక్కున్నాడు. "అసలుది గరగరలాడుతోందని ఎప్పుడో చెరిపేశాం. ప్రకటన కోసం నటి చేత చెప్పించింది ఉంది, అది వినిపించండి. ఆవిడకేం తెలుస్తుంది?"

నీలోత్పల ఫోను పెట్టేసింది. ఆ మాట విన్న చెవిని కడుక్కోవాలనిపించింది.

జరిగిందీ, మొదట్లో ఆ గొంతు తాను విన్నదీ చెబితే వరహాలమ్మ ఏడవలేదు. "నువ్వు మొదట్లో ఇన్నావు కదమ్మా. మాయమ్మ ఎలాగ అందో, అలాగ ఓపాలి అను."

నీలోత్పల కళ్లు మూసుకుని ఆ గొంతును వెతుక్కుంది. "పైకెత్తండయ్యా..." అని నోరు తెరిచింది. వచ్చింది ఆ జనం రాగమే. చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మిగతా మాట కోసం వరహాలమ్మ ఆమె మొహంలోకే చూస్తూ నిలబడింది.