ఎర్రదీపం మీది టేపు

ల్యాబు కింది అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. మొక్కల్ని చీకట్లో ఉంచి పరీక్షించే గది అది. వెనకటికి అందులో ఒక పరిశోధకురాలు పోయిందట... ఒంటి మీద గీత లేదు, నిద్రపోయినట్టే పోయిందట. అప్పట్నుంచి లోపలికెళ్తే చెవి దగ్గర ఎవరో "ష్ష్..." అంటారని వాడుక. పెద్ద చదువులు వెలగబెట్టినవాళ్లే ఈ మాట చెప్పుకుంటారు, అదీ విడ్డూరం.

పీహెచ్‌డీ ముగించి కొత్తగా పరిశోధనకొచ్చిన పోస్ట్‌డాక్ పిల్లకి ఈ కబుర్లంటే ఒళ్లు మంట. "పోయాక కూడా ల్యాబుకొచ్చేంత పిచ్చి ఎవరికుంటుంది?" అనేది.

ఆమె భయం వేరు. ఆమె వెంటపడుతున్న ఎంజైమ్ చీకట్లోనే లేచి, మొక్కకి కావలసిన అమైనో ఆమ్లం తయారుచేస్తుంది. కాస్త వెలుగు తగిలిందా, ముసుగు తన్నేస్తుంది. ఈసారీ అది చిక్కకపోతే ఉద్యోగం పొడిగించేది లేదని ప్రొఫెసర్ తేల్చేశాడు.

అందుకే ఆమె ఒక పాడుపని చేసింది. గది గాలిలో ఆక్సిజన్ తగ్గితే కూతపెట్టే అలారానికి ఎప్పుడూ వెలిగే ఎర్రదీపం ఉంది. మొక్కల్ని చెడగొట్టడానికి ఆ ఎరుపు చాలు. దాని మీద నల్లటేపు అంటించి, అదీ చాలదనిపించి బ్యాటరీ కూడా పీకి జేబులో వేసుకుంది.

రాత్రి నుదుటికి పచ్చలైటు కట్టుకుని – మొక్కలు పెద్దగా పట్టించుకోని రంగు అదే – తలుపు బిగించుకుంది. ఆకు కోయడం, గడ్డకట్టేలా లిక్విడ్ నైట్రోజన్‌లో ముంచడం... కోయడం, ముంచడం...

"ష్ష్..."

చటుక్కున వెనక్కి తిరిగింది. మరుక్షణం నవ్వొచ్చింది. నైట్రోజన్ మరిగే చప్పుడు! ఇంతమంది మేధావులు జడుసుకున్నది దీనికా?

నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతోందో తెలియలేదు. కత్తెర బరువెక్కింది. హాయిగా... నిద్ర ముంచుకొస్తోంది...

"తలుపు తియ్..."

వాచ్‌మన్ బాబాయ్ కాబోలు. తీస్తే మొక్కల మీద వెలుగు పడదూ? తియ్యను పొమ్మని గొణిగింది.

"తలుపు తియ్ తల్లీ."

ఈసారి గొంతు చెవి పక్కనే ఉంది. ఆడగొంతు.

ఎలా తీసిందో తెలియదు, వరండాలో పడింది. చప్పుడు విని గేటు దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చాడు బాబాయ్. లోపల నైట్రోజన్ డబ్బా ఒరిగిపోయి ఉంది. తెల్లటి పొగ నేలంతా పాకుతోంది. గాలినంతా అదే మింగేసింది. వెనకటామెనీ అదే మింగి ఉంటుంది. ఊపిరాడక బుర్ర కలవరించిందంతే... అని తనకి తనే చెప్పుకుంది.

"ఆ ఎర్రలైటేంటమ్మా?" అన్నాడు బాబాయ్.

అలారం దీపం వెలుగుతోంది. నల్లటేపు ఎవరో శ్రద్ధగా ఒలిచి, తలుపు గొళ్లానికి అంటించారు.

ఆమె జేబు తడుముకుంది.

బ్యాటరీ... జేబులోనే ఉంది.