భద్రయ్య గోడ

చిలకలగూడలో మా గల్లీ చివర ఒక గోడ ఉంది. అవతల పాడుబడ్డ రైల్వే క్వార్టర్లు, ఇవతల సరిగ్గా ఒక కారు పట్టేంత ఖాళీ. కారు పెట్టుకునే చోటు కోసం అన్నదమ్ములు కొట్టుకునే ఊరు ఇది. అయినా ఆ చోటు మాత్రం ఏళ్ళ తరబడి ఖాళీగానే ఉండేది. అక్కడ బండి పెడితే తెల్లారేసరికి బ్యాటరీ చచ్చి ఉంటుందని దానికి పేరు.

భద్రయ్య అని ఒక టాక్సీ డ్రైవర్ ఉండేవాడట. ఒక రాత్రి గుండెల్లో నొప్పి వస్తే, తనే ఆస్పత్రికి పోదామని బండెక్కాడు. బండి స్టార్ట్ కాలేదు. తెల్లారి చూస్తే సీట్లో అట్లాగే కూర్చుని ఉన్నాడు... చెయ్యి తాళం మీదే ఉంది. అప్పట్నుంచి ఆ గోడ పక్కన ఏ బండినీ కదలనివ్వడని మావాళ్ళ నమ్మకం.

నేను ఇలాంటివి నవ్వి కొట్టిపారేసే మనిషిని. పగటిపూట.

అల్లాఉద్దీన్ భాయ్ మా పక్కింటాయన. సీతాఫల్‌మండిలో బట్టల షాపులో పని. ఆయన భార్య హజీరాకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు తెల్లవారుజామునే డయాలసిస్‌కు పోవాలి. ఆటో కుదుపులకు ఒకసారి దారిలోనే స్పృహ తప్పింది. క్యాబ్ బుక్ చేస్తే, ఆ వేళకు వస్తానన్నవాడు రానే రాడు. అందుకని భాయ్ ఒక పాత కారు కొన్నాడు. ఎక్కడ పెట్టాలా అని తిరుగుతుంటే హజీరాయే అంది:

"గోడ పక్కన పెట్టు జీ. కిటికీలకెళ్ళి కనబడుతది."

గల్లీ అంతా వద్దంది. భార్య అడిగితే కాదనే మనిషి కాదు ఆయన.

మొదటి వారమే బండి మొరాయించింది. తాళం తిప్పితే టక్... టక్... అంతే. మా గల్లీలో ప్రతివాడూ సగం మెకానిక్కే కదా, టర్మినల్స్‌కు తుప్పు పట్టిందని ఒకడు, డైనమో పోయిందని ఇంకొకడు. పాపం, ఆయన ఎవరి మాటా తీసెయ్యలేదు. వేడినీళ్ళు పోసి టర్మినల్స్ కడిగాడు. కొత్త బ్యాటరీ వేశాడు. చివరికి ఒక మీటర్ కొనుక్కొచ్చి, ఫోన్లో వీడియోలు చూస్తూ, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి, కరెంటు ఎటు పోతోందో వెతికాడు. ఆ మీటర్ పట్టుకుని నిలబడింది నేనే. ఎటూ పోవడం లేదు. బండిలో ఏ లోపమూ లేదు.

కానీ ఆస్పత్రికి పోవాల్సిన పొద్దున మాత్రం — చచ్చి ఉండేది. ఛార్జింగ్ పెట్టించాక, మిగతా రోజుల్లో తాళం తిప్పగానే స్టార్టయ్యేది. అది చూశాక నాకు నవ్వు రావడం మానేసింది. ఏ రోజు అవసరమో భద్రయ్యకు ఎలా తెలుస్తోంది?

ఆలస్యమైతే ఆస్పత్రిలో ఆ పడక ఇంకొకరికి ఇచ్చేసేవాళ్ళు. డయాలసిస్ తప్పిన రోజు హజీరాకు మొహం ఉబ్బేది, ఊపిరాడేది కాదు. ఇట్లా తప్పుతూ పోతే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

"పరేషాన్ అయితున్న అన్నా," అన్నాడు భాయ్ ఒక సాయంత్రం. "ఇయ్యాల రాత్రి డాబా మీద పండుకుంట. ఆడు భద్రయ్యో ఎవడో... నా కండ్లతోటి చూస్త."

తర్వాత జరిగింది ఆయన చెబితే విన్నదే.

కాపలా కూర్చున్నవాడికి కునుకు పట్టింది. మెలకువ వచ్చి చూస్తే... గోడ దగ్గర వెలుతురు.

బయటి మెట్ల మీంచి చప్పుడు కాకుండా దిగాడు. వెలుతురు కారు లోపల. దగ్గరికి పోయేకొద్దీ ఒక శబ్దం — స్స్‌స్స్... ఎవరో ఊపిరి వదులుతున్నట్టు. వదులుతూనే ఉన్నారు... పీల్చడం లేదు.

డ్రైవర్ సీట్లో ఎవరో ఉన్నారు. తల నిండా తెల్ల గుడ్డ. తల వాలిపోయి ఉంది. చెయ్యి తాళం మీద ఉంది.

"యా అల్లా..."

చేతిలో టార్చి ఉన్నా నొక్కలేదట. ఆ తల మెల్లగా... ఇటు తిరిగింది.

హజీరా.

అద్దం దిగింది. ఆ ఊపిరి కారులో ఫ్యాన్‌ది, ఫుల్లుగా తిరుగుతోంది.

"నువ్వా... ఇన్ని రోజులు నువ్వేనా?"

"బ్యాటరీ దిగేదాక కూసుంట," గుసగుసగా అంది. "మళ్ల తాళం తీస్కపోయి మేకుకు తగిలిస్త."

"ఎందుకు హజీరా?"

ఆమె చెయ్యి చాపింది. సూదులు పొడిచి పొడిచి ఉబ్బిన నరాలు.

"ఇగ నాతోని కాదు జీ. నువ్వు నా కోసం గింత తక్లీఫ్ పడుతుంటే, రాను అని నోటితోని ఎట్లనాలె? అందుకే... భద్రయ్య మీద పెట్టిన."

ఆ చలికాలంలోనే హజీరా పోయింది.

కారు ఇప్పటికీ గోడ పక్కనే ఉంది, దుమ్ము పట్టి. గల్లీ భద్రయ్యను మరిచిపోయింది. రాత్రిపూట తెల్ల చున్నీ ఆమె డ్రైవర్ సీట్లో కూర్చుంటుందని పిల్లలకు చెబుతున్నారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆయన ఇదంతా చెప్పినప్పుడు నేను అడిగాను: "మరి ఆ రాత్రి ఆమెను ఇంట్లోకి తీసుకుపోయావా భాయ్?"

ఆయన కారు వైపు చూశాడు.

"లే అన్నా. పక్క సీట్ల కూసున్న. ఫ్యాన్ బంద్ చేద్దామని చెయ్యి పెట్టిన... తిప్పబుద్ధి కాలే. లైటు ఎర్రగయ్యి ఆరిపోయేదాక ఇద్దరం గట్లనే కూసున్నం."

"తర్వాత?"

"పొద్దుగాల తాళం నేనే తిప్పిన. ఇయ్యాల సుత స్టార్ట్ అయితలేదు హజీరా... అన్న." తాళం తిప్పినట్టు వేళ్ళు తిప్పి చూపించాడు. "నవ్వింది అన్నా. మస్తు రోజులకు నవ్వింది."