బ్యాగు ముందు బీగిల్

ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. వరసగా ఇది ఏడో శుక్రవారం. ఎయిర్‌పోర్టులో అంత జనం, అన్ని సామాన్లు. వాసన పట్టే ఆ బీగిల్ కుక్క మాత్రం అందర్నీ దాటుకుంటూ వచ్చి సరిగ్గా ఆమె బ్యాగు ముందే చతికిలబడింది.

అది కూర్చుందంటే లోపల పైదేశం నుంచి తేకూడని పండో మాంసమో ఉన్నట్టు లెక్క. తెరిచి చూపించాల్సిందే. దేశదేశాలు తిరిగి ఆస్పత్రుల్లో స్కానింగ్ మెషిన్లు బాగుచేసే మనిషి బ్యాగులో స్క్రూడ్రైవర్లు, కేబుళ్ళు, మాసిన బట్టలు తప్ప ఇంకేం ఉంటాయి?

కుక్కను పట్టుకు తిరిగే అబ్బాయికి ఆమె ‘కుక్కగారి అసిస్టెంటు’ అని పేరు పెట్టుకుంది. ఆమె బట్టలు సర్దుకుంటుంటే అతను పాఠం మొదలుపెడతాడు. మన ముక్కులో వాసన పట్టే కణాలు యాభై లక్షలైతే బీగిల్‌కు ఇరవై కోట్ల పైనేనట. ఒకప్పుడు కుందేళ్ళ వేటకు పెంచేవారట. ఎత్తు గడ్డిలో దూరినా కనబడాలని తోక కొస తెల్లగా ఉన్నవాటినే ఏరుకునేవారట. చూస్తే ముద్దొస్తుంది కాబట్టి జనం బెదరరట.

“ఇరవై కోట్లు పెట్టుకుని నా మాసిన సాక్సుల్లో మీవాడేం వెతుకుతున్నాడండీ?” అని అడిగేసిందొకసారి. అతను చెవులదాకా ఎర్రబడ్డాడు.

ఈసారి మాత్రం ఒళ్ళు మండి, ఇంటికి పోగానే ఫిర్యాదు రాసి పడేసింది. మూడోరోజు ఆ బ్యాగుతో సహా ఎయిర్‌పోర్టు ఆఫీసుకు రమ్మని పిలుపొచ్చింది. అక్కడ పెద్దావిడ, అంటే ఆ కుక్కలన్నిటికీ ట్రైనింగ్ ఇచ్చే అధికారిణి, ఇన్నిసార్లు తప్పుగా చూపించిన కుక్కను డ్యూటీలోంచి తీసేయడం రూలని చెప్పింది. అది విని ఆమె గతుక్కుమంది. తనకు కావాల్సింది కాస్త మనశ్శాంతి, ఆ మూగజీవి ఉద్యోగం ఊడటం కాదు.

“తప్పు వాడిది కాదు మేడం, నాది,” అన్నాడు కుక్కతో పక్కనే నిలబడ్డ ‘అసిస్టెంటు’ తల దించుకుని. “ఈవిడ కనబడగానే నా కాళ్ళు ఆగిపోతాయి. చేతిలో పట్టీ బిగుసుకుంటుంది. పట్టీ బిగిస్తే అక్కడేదో ఉందని వాడికి అర్థం. నేను ఆపాను, వాడు కూర్చున్నాడు. ఏడుసార్లూ అంతే.”

పెద్దావిడ పట్టీ తన చేతిలోకి తీసుకుని కుక్కను బ్యాగు పక్కగా రెండుసార్లు నడిపించింది. అది బ్యాగు వంకైనా చూడలేదు.

కుక్క డ్యూటీలోనే ఉంటుందని, కానీ మరొకరి చేతికి ఇస్తామని తేల్చేశారు. అతను మళ్ళీ మూడునెలలు క్లాసులో కూర్చోవాలి. “పోన్లెండి, వాడి ఉద్యోగం నిలిచింది,” అంటూ అతను దాని చెవులు నిమిరాడు.

బయట వరండాలో ఆమె అతన్ని నిలేసింది. అతని మీద కోపమో, తన మీద కోపమో తెలియక ఇంకా చిరాకేసింది.

“దేవుడు మీకూ నోరిచ్చాడు కదండీ. కాఫీకి రమ్మని ఒక్కసారి అడిగితే సరిపోయేదానికి ఏడుసార్లు బ్యాగు విప్పిస్తారా?”

“ప్రతిసారీ అడుగుదామనే అనుకున్నానండీ. నోరు తెరిస్తే బీగిళ్ళ గురించే వస్తోంది.”

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది.

“వచ్చే శుక్రవారం నేను దిగేసరికి బయట నిలబడండి. ఇకమీద ఏం చెప్పాలన్నా నాతో చెప్పండి, నా బ్యాగుతో కాదు.”