శమనిమాపకం ముందు వియ్యపురాళ్ళు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, ఒత్తులు ఇప్పటికీ నన్ను చూసి దాక్కుంటాయి. మెల్లగా రాశాను, మీరూ మెల్లగా చదవండి.

అప్పటికి కాకినాడలో పెద్దాసుపత్రి సముద్రం మీద తేలుతోంది. రోగులు గాలిబండ్లలో వచ్చి దిగేవారు. సూది గుచ్చి రక్తం తీయడం ఎప్పుడో మానేశారు. ప్రతి మంచం దగ్గరా మాట్లాడే గిన్నె ఒకటి ఉండేది. దాని పేరు శమనిమాపకం. వాపును అణచడానికి మన ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్‌కి శాస్త్రవేత్తలు 'శమని' అని పేరు పెట్టారు. లాలాజలం చుక్క పడితే చాలు, అడుగునున్న సెన్సర్ శమనిని కొలిచి అంకె చెబుతుంది. అంకె వంద దాటితే కీలు తనంతట తానే బాగుపడుతుంది. దాటకపోతే లోహపు మోకాలు వేస్తారు.

మోకాలి వాపుతో చేరిన బుల్లెమ్మ అంకె పన్నెండు.

"ఆ ఇనప మోకాలు నాకొద్దమ్మా. కింద బాసింపట్టేసుక్కూర్చుని మనవరాలికి జడెయ్యలేను," అంది ఆవిడ.

"రేపటిదాకా చూద్దాం," అంది డాక్టర్ హిమజ. గిన్నెను కనిపెట్టింది ఆమే.

తోడుగా సూరాయమ్మ వచ్చింది. బుల్లెమ్మ కొడుక్కి పిల్లనిచ్చిన వియ్యపురాలు.

"ఉమ్మండి," అంది గిన్నె.

"అయ్యబాబోయ్! వదినగారి ముందు ఉమ్మడమే?" బుల్లెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను గోడవైపు తిరుగుతాను లెండి వదినగారూ."

గిన్నె తొమ్మిదంది.

కాఫీ వచ్చింది. ముందు మీరంటే ముందు మీరనుకుంటూ ఇద్దరూ ముట్టుకోలేదు. మళ్ళీ ఓ చుక్క వేస్తే గిన్నె ఆరంది.

చివరికి బుల్లెమ్మ ఓ గుక్క తాగి నవ్వింది. "మా వాడి పెళ్ళిలో మీరు పెట్టిన గారెల్లాగే చల్లారిపోయిందండి."

సూరాయమ్మ గిరుక్కున తిరిగింది. "చల్లారవా మరి? మీ మగపెళ్ళివారు ముస్తాబై వచ్చేసరికి పొద్దుగూకింది!"

"మీ బ్యాండువాళ్ళు రాకుండా విడిదిలోంచి ఎలా కదుల్తామండీ?"

"కదిలారుగా, ఉప్మాకి!"

బుల్లెమ్మ గిన్నె మీదకి వంగి అరవసాగింది. తుంపర్లు వాటంతటవే పడ్డాయి. "డెబ్బై... నూట ఇరవై..." అంటోంది గిన్నె.

హిమజ పరుగున వచ్చింది. బుల్లెమ్మ మంచం దిగి నిలబడి ఉంది. ఆ సంగతి ఆవిడకే తెలియదు.

"ఇన్నాళ్ళూ మింగిన మాటలన్నీ మోకాట్లో చేరాయి," అంది హిమజ. "రోజూ ఓ అరగంట పోట్లాడుకోండి. ఇదే మందు."

మర్నాడు ఇద్దరూ ఇస్త్రీ చీరలు కట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు.

"కానివ్వండి వదినగారూ, తిట్టండి."

"ఎంతమాట! ముందు మీరే."

"మీ నోటితో మొదలెడితే అందం."

బుల్లెమ్మ చుక్క వేస్తే గిన్నె నాలుగంది. హిమజ నిట్టూర్చి, లోహపు మోకాలు తెమ్మని నర్సుకి చెప్పింది. పెట్టె మూత తెరిచారు.

"పెద్దవారు, మీరే కానివ్వాలి," అంది సూరాయమ్మ మర్యాదగా.

బుల్లెమ్మ లేచింది. "నేను పెద్దదాన్నా? జుట్టుకి రంగేసుకుని నన్ను పెద్దదంటారా?"

"రంగా? ఇది మా వంశం జుట్టు!"

"నూట తొంభై," అంది గిన్నె. "దయచేసి ఒకరి తరవాత ఒకరు..."

"మా వదినామరదళ్ళ మధ్య నువ్వెవరే?" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

గిన్నె నోరు మూసుకుంది. హిమజ పెట్టె మూత వేసేసింది.

వాసంశెట్టి నాగరత్నం, డెబ్బై రెండేళ్ళు, ప్రస్తుతం సామర్లకోటలో ఉంటున్నాను.