నల్ల సాకెట్‌లో గొంతు

ఉస్లాపూర్ స్టేషన్‌లో టీ గ్లాసు పూర్తి చేయకుండానే ఏజెంట్ రవిచంద్ర కుప్పకూలిపోయాడు. టీలో విషం. పోయే ముందు అతను ఫోన్‌లో చెప్పగలిగింది ఒక్క ముక్క: శుక్రవారం, ఆర్మీ గూడ్సు పేల్చేస్తారు.

"ఎక్కడో తెలీదు," అన్నాడు చీఫ్ రమణమూర్తి. "రైలు ఆపితే ముఠా జారుకుంటుంది. బయల్దేరక తప్పదు."

"ఆ బండికి డ్రైవర్ మా అన్న సూర్యం, సార్," అన్నాడు ఎదురుగా నిలబడ్డ ఏజెంట్ పైడిరాజు.

"తెలుసు. అందుకే నిన్ను పంపుతున్నా."

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి బిలాస్‌పూర్‌లోని తోర్వా పేటలో ఒక మేడ ముందు స్కూటర్ ఆపాడు పైడిరాజు. వేషం కంప్యూటర్ మెకానిక్‌ది. చేతిలోని స్క్రూడ్రైవర్ పిడిలో బుల్లి వైర్‌లెస్ సెట్ ఉంది.

ఇంటి యజమాని మల్హోత్రా పేరుకి బొగ్గు కాంట్రాక్టరు, అసలుకి ఈ ఊళ్లో ముఠాకి నాయకుడు. తలుపు తీసిన రజిని అతని మనిషి, మన మనిషి కూడా. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన ఆ అందగత్తె చివరికి ఎటు దూకుతుందో దేవుడికే తెలియాలి!

"చాయ్‌లో అల్లమా?" అందామె.

"యాలక్కాయ," అన్నాడు పైడిరాజు. కోడ్ కలిసింది.

పని చిన్నదే. కంప్యూటర్ సౌండ్ కార్డు నుంచి హోమ్ థియేటర్‌కి మూడు వైర్లు. ఆకుపచ్చ సాకెట్ ముందు స్పీకర్లకి, నల్లది వెనక వాటికి, నారింజ రంగుది మధ్య స్పీకర్‌కీ ఊఫర్‌కీ. ఇన్నాళ్లూ ఆకుపచ్చది ఒక్కటే తగిలించి ఉంది.

"పీఛేవాలే స్పీకర్ బజ్‌నే చాహియే. జల్దీ," అని మల్హోత్రా పక్క గదిలోకి వెళ్లాడు.

పైడిరాజు చెయ్యి ఆగింది. బిలాస్‌పూర్‌లో ఎవడైనా బేస్ అదరాలంటాడు. వెనక స్పీకర్లు కావాలన్న మొనగాడు వీడొక్కడే. డ్రైవ్‌లో అప్పటికే ఒక డీవీడీ ఉంది. హెడ్‌ఫోన్ పిన్నుని నల్ల సాకెట్‌లో గుచ్చి ప్లే నొక్కాడు. పాట లేదు, ఒక మగ గొంతు మాత్రం హిందీలో నెమ్మదిగా చెబుతోంది.

'గతౌరా స్టేషన్ ముందు కల్వర్టు. నాలుగూ ఇరవై. మనవాడు అక్కడే ఉంటాడు. నువ్వు ఊరు వదిలేయ్.'

గడియారం నాలుగూ పదహారు.

"కంట్రోల్! గతౌరా ముందు కల్వర్టు! రెడ్ వెయ్యండి!" అని స్క్రూడ్రైవర్‌లోకి అరిచాడు.

గుమ్మంలో మల్హోత్రా, చేతిలో పిస్తోలు. అది పేలేలోపు రజిని అడ్డంగా దూకింది; గుండు ఆమెకి తగిలింది. పైడిరాజు ఊఫర్ ఎత్తి వాడి మొహాన కొట్టాడు. వాడు మళ్లీ లేవలేదు.

"ఏలమ్మా ఇంత పని చేశావు?" పైడిరాజు ఆమె తలని ఒళ్లోకి తీసుకున్నాడు.

"మా నాన్న పనీ రైలింజన్ల షెడ్డులోనే బాబూ," అంది రజిని నెత్తుటి చేత్తో అతని చొక్కా పట్టుకుని. "బండి ఏటయింది?"

అతను స్క్రూడ్రైవర్‌ని చెవికి ఆనించుకున్నాడు. నాలుగూ పంతొమ్మిదికి జవాబొచ్చింది.

"ఆగింది!" అన్నాడు. ఆ మాట వినడానికి రజిని లేదు.

రాత్రి క్వార్టర్‌లో సూర్యం కంచం ముందు కూర్చుని మండిపడుతున్నాడు.

"ఎవడో వెర్రివెధవ రెడ్ ఏసీసి మూడు గంటలు కూకోబెట్టీసినాడ్రా! దొరికితే తన్నీనా?"

"తన్నాల్సిందే అన్నయ్యా," అని పైడిరాజు అన్న కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించాడు.