పోలిక కుదరని బొమ్మలు

ముద్ర పరీక్ష జరిగే రోజున చిత్రకళాశాలలో చప్పుడే ఉండదు. విద్యార్థులు ఒక్కొక్కరే అద్దాల గదిలోకి వెళ్ళి, తలపట్టీ కట్టుకుని కళ్ళు మూసుకుంటారు. ఎదురుగా ఉన్న మనోముద్రిక సన్నగా మోగుతుంది. వాళ్ళు మనసులో చూస్తున్న దృశ్యం రంగులతో, నీడలతో కాగితం మీదకు దిగిపోతుంది.

ఆ రోజు అంశం వాన వెలిసిన వీధి. తరళ కళ్ళు మూసుకుని వాన గురించి, వీధి గురించి, గుంటల్లో నిలిచిన నీళ్ళ గురించి గట్టిగా ఆలోచించింది. యంత్రం మోగింది. బయటకు వచ్చిన కాగితం అంతా ఒకటే బూడిద రంగు.

శాఖాధిపతి భానోజీ మాస్టారు ఆ కాగితాన్ని అందుకుని, వెనకవైపేమైనా పడిందేమోనన్నట్టు తిప్పి చూశారు. ఈ ఏడాదిలో ఆమెకు ఇలా రావడం మొదటిసారి కాదు. ఆయన తరళను తన గదికి రమ్మన్నారు.

మనోముద్రిక తరళ పుట్టకముందే ఇళ్ళలోకి వచ్చేసింది. రవికె ఎలా కుట్టాలో దర్జీకి చెప్పే పని లేదు, ముద్ర ఇస్తే చాలు. పిల్లవాడు తప్పిపోతే తల్లి పోలీస్ స్టేషన్‌లో వాడి ముఖాన్ని ముద్ర వేయించి ఇస్తుంది. దేన్నయినా మాటల్లో వర్ణించే అలవాటు జనానికి మెల్లగా పోయింది. చిత్రకారులంటే చక్కగా ఊహించగలవాళ్ళు అనే అర్థం స్థిరపడింది.

తరళకు ఊహలో ఏమీ కనిపించదు. కన్నతల్లి ముఖం కూడా కనిపించదు. అమ్మ గడ్డం కింద పుట్టుమచ్చ ఉందని తెలుసు, అంతే. వాళ్ళ ఇంట్లో ఎప్పుడూ మనోముద్రిక కొనలేదు. మిగతావాళ్ళకు కళ్ళు మూసుకున్నా నిజంగా బొమ్మలు కనిపిస్తాయన్న సంగతి ఆమెకు కళాశాలలో చేరాకే తెలిసింది. కళ్ళముందు మెదలడం అంటే అందరూ వాడే మాట వరస అనుకునేది అప్పటిదాకా.

అయినా ఆమె చిత్రకళ కోసమే వచ్చింది. తండ్రి నూకరాజు కాకినాడ రేవులో క్రేన్ నడుపుతాడు. చిన్నప్పుడు సెలవు రోజుల్లో ఆమెను క్రేన్ గదిలోకి ఎక్కించుకునేవాడు. వానాకాలం పొద్దుటిపూట అద్దాలకు పట్టిన ఆవిరి మీద వేలితో ఓడలు గీసేవాడు. పక్కన కూర్చుని ఆమె కూడా గీసేది. వేలు కదిలే కొద్దీ, తనకు తెలుసని కూడా తెలియని వస్తువు ఏదో ఎదురుగా తేలి వచ్చేది. గీస్తే తప్ప చూడలేని పిల్లకు అంతకంటే పెద్ద ఆశ్చర్యం ఏముంటుంది? పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలని ఆమె అప్పుడే నిర్ణయించుకుంది.

భానోజీ మాస్టారు దయగానే మాట్లాడారు. ముద్ర సంకలన శాఖకు మారిపొమ్మన్నారు. ఇతరుల ముద్రలను ప్రదర్శనశాలల్లో అమర్చే పని, ఉద్యోగానికి లోటుండదన్నారు. తను చేత్తో వేస్తానని తరళ చెప్పింది.

“వేస్తే వద్దనేదెవరమ్మా? రెప్పపాటులో వచ్చేదాని కోసం గంటసేపు నీ ముందు ఎవరు కూర్చుంటారు?”

“కూర్చునేవాళ్ళని నేను వెతుక్కుంటానండి.”

ఆయన ఒక మాట ఇచ్చారు. సంవత్సరాంత ప్రదర్శనలో ఆమెకూ ఒక గది ఇస్తారు. బయటి నుంచి వచ్చే పరీక్షాధికారి చూసి ఏమంటే అదే ఖాయం.

కళాశాల దుకాణంలో బొమ్మలు గీసే బొగ్గు దొరకదు. పుల్లలను డబ్బాలో మూసి కాల్చి తనే తయారుచేసుకుంది. ఉప్పాడ రోడ్డును సముద్రం తీసేసుకున్నాక జనం పడవల మీదే తిరుగుతున్నారు. తరళ రోజూ పడవల రేవుకు వెళ్ళి, అక్కడి టిఫిన్ హోటల్ పక్కన కూర్చుని, ఎదురుచూసే ప్రయాణికులను గీసేది. వాళ్ళు ఒకసారి తొంగి చూసేవారు. పడవ రాగానే వెళ్ళిపోయేవారు.

హోటల్ యజమానురాలు రత్నమాల చాలా రోజులు గమనించింది. ఒక మధ్యాహ్నం పడవలు లేని వేళ, తడిచేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. కనిపించని మనిషిని గీయగలవా అని అడిగింది.

ఆ మనిషి ఆమె అక్క వజ్రం. తల్లి చిన్నప్పుడే పోతే రత్నమాలను పెంచింది ఆవిడే. అక్క పోయిన వారంలోనే రత్నమాల ఆ ముఖాన్ని ముద్ర వేయించి, పటం కట్టించి గల్లాపెట్టె పైన తగిలించుకుంది. అందులో అక్క తల కాస్త ఎడమకు వాల్చి నవ్వుతూ ఉంటుంది.

“మొదట్లో బానే ఉండేదమ్మా. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ పటమే వస్తంది. అక్క రావట్లేదు.”

అక్క తిట్టడం, తల దువ్వడం, జ్వరంలో పక్కన కూర్చోవడం అన్నీ జరిగాయని రత్నమాలకు తెలుసు. ముఖం మాత్రం ప్రతిచోటా ఆ నవ్వు ముఖమే. మళ్ళీ మనోముద్రిక ముందు కూర్చుంటే అదే నవ్వు అచ్చయి వచ్చింది. యంత్రంలో లోపమేమీ లేదనీ, ఆమె మనసులో ఉన్నది అదేననీ మరమ్మతు చేసే అతను చెప్పాడు.

తనకు ఊహించడం రాదని తరళ దాచకుండా చెప్పింది. అడిగి గీయడం తప్ప వేరే దారి లేదంది. నుదురు ఎలా ఉండేదని అడిగితే, పటంలో ఉన్నట్టేనంది రత్నమాల. కళ్ళు అడిగితే మళ్ళీ పటం వైపే చూసింది. అప్పుడు తరళ లేచి, ఆమె స్టూలును సముద్రం వైపు తిప్పి కూర్చోబెట్టింది. అడగడం మానేసి తనకు తోచినట్టు గీయసాగింది. కోపంగా వంగిన ఒక ఆడమనిషి, చేతిలో దువ్వెన, ముందు కూర్చున్న చిన్నపిల్ల.

రత్నమాల కాగితం వంక చూసి తల అడ్డంగా ఊపింది.

“కాదు. అక్క దువ్వెన అలా పట్టుకోదు. పళ్ళ మధ్య పెట్టుకుని రెండు చేతుల్తో జడ లాగేది.”

చెప్పి, తనే ఉలిక్కిపడినట్టు ఆగిపోయింది. తరళ చెరిపి మళ్ళీ గీసింది. అదీ కాదంది రత్నమాల. కోపమొస్తే అక్క నోరెత్తేది కాదట. కింది పెదవి లోపలికి లాక్కుని, జడ మరీ బిగించి అల్లేదట. చెబుతూ చెబుతూ ఆమె చెయ్యి మెడ వెనక్కి వెళ్ళింది. ఆ నొప్పి ఇప్పుడే తగిలినట్టు కళ్ళు చికిలించింది. పడవ వచ్చి ఆగింది. దిగినవాళ్ళు టీ కోసం పిలుస్తున్నా ఆమె లేవలేదు.

చివరికి కాగితం నిండా నల్లటి మరకలు మిగిలాయి. అందులో ఎవరి ముఖమూ సరిగ్గా లేదు. ఇంటికి వెళ్ళి శుభ్రంగా వేసి తెస్తానంది తరళ.

“వద్దమ్మా. ఇది అక్కలా లేదు. ఉంచుకుంటే మళ్ళీ ఇదే గుర్తుండిపోద్ది.”

తరళకు ఆ మాట గుచ్చుకుంది. తన ముందు మనస్ఫూర్తిగా కూర్చున్న మొదటి మనిషి బొమ్మ వద్దనేసింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తండ్రికి చెప్పింది. జనం దాచుకునే బొమ్మలు వేయాలనుకున్నాననీ, ఇలా వదిలేసి వెళ్ళే బొమ్మలతో బతకగలనా అనీ అడిగింది. నూకరాజు అన్నం కలుపుతూ నవ్వాడు.

“ఇన్నేళ్ళ బట్టి పెట్టెలు దించుతున్నాను గదమ్మా. ఒక్కటైనా మనింటికి తెచ్చేనా?”

మర్నాడు రేవుకు వెళ్ళేసరికి గల్లాపెట్టె పైన పటం లేదు. అది ఉన్నచోట గోడ తెల్లగా మిగిలింది. రత్నమాల అక్కడ మరేదీ తగిలించలేదు. అక్క రాత్రి కలలోకి వచ్చి తిట్టిందని, పెసరట్టు పళ్ళెం పెడుతూ తృప్తిగా చెప్పింది.

ఆమె మాట విని మరికొందరు వచ్చారు. చిన్నప్పటి ఊరు కావాలన్నవాళ్ళు, పోయిన స్నేహితుడి నడక కావాలన్నవాళ్ళు. అందరిదీ ఒకటే బాధ. ముద్ర మిగిలింది, జ్ఞాపకం దాని కింద ఎక్కడో అణిగిపోయింది. తరళ గీసేది, వాళ్ళు కాదనేవారు, ఆమె చెరిపేది. బొమ్మలు తీసుకెళ్ళినవాళ్ళూ లేకపోలేదు. ఎక్కువమంది మాత్రం వదిలేసి వెళ్ళారు. తోటి విద్యార్థులు ఆమె నల్లటి వేళ్ళు చూసి నవ్వుకున్నారు. ఆమె పట్టించుకోలేదు. పిల్లల పుస్తకాల ఆశ పోలేదు. దానికి ఈ సాధన కూడా పనికొస్తుందని నమ్మింది. ఎండలోనూ వానలోనూ రేవు తప్పలేదు.

ప్రదర్శన రోజున కళాశాల గదులన్నీ ముద్రలతో మెరిసిపోయాయి. గాలిలో తేలే నగరాలు, గాజు అడవులు. తరళ గదిలో మరకలు పడిన బొగ్గు కాగితాలు, ఒక బల్ల, రెండు స్టూళ్ళు ఉన్నాయి. పరీక్షాధికారి వైజయంతి భానోజీ మాస్టారితో కలిసి లోపలికి వచ్చింది. మనోముద్రికను తయారుచేసిన బృందంలో ఒకప్పుడు పనిచేసిన మనిషి ఆవిడ. గోడల చుట్టూ తిరిగి చూసి, వీటిలో ఏది బాగా పోలిందని అడిగింది.

“ఏదీ పోల్లేదండి. గీయించుకున్నవాళ్ళు చూసి కాదన్నారు. కాదనడానికి వాళ్ళు గుర్తు తెచ్చుకోవాల్సి వచ్చింది.”

తరళ రత్నమాల సంగతి చెప్పింది. తర్వాత వచ్చినవాళ్ళ సంగతులూ చెప్పింది. వైజయంతి అంతా వింది. ఒక కాగితం మీది మరకను వేలితో తడిమింది.

“మనసులో ఉన్నదానితో ముద్ర ఎంత సరిపోతోందో ఏళ్ళ తరబడి కొలిచాం. ముద్ర చూశాక మనసులో ఏం మిగులుతుందో మాలో ఎవరూ కొలవలేదు.”

మిగతా గదులు చూడాల్సి ఉందని భానోజీ మాస్టారు మెల్లగా గుర్తుచేశారు. ఆయన్ను ముందు వెళ్ళమంది వైజయంతి. ఈ అమ్మాయిని ఏ శాఖకూ మార్చవద్దని, ఆ మాట రాతలో కూడా ఇస్తానని చెప్పింది. ఆయన వెళ్ళాక స్టూలు లాక్కుని కూర్చుంది.

ఆమె కొడుకు ఇప్పుడు పెద్దవాడు, ఒకే ఇంట్లో ఉంటున్నాడు. చిన్నప్పుడు వాడి ప్రతి ముచ్చటనూ ముద్ర వేయించుకుంది. వాడి చిన్నతనం అంటే ఆమెకు ఇప్పుడు ఆ ముద్రలే, అన్నిటిలోనూ నవ్వుతుంటాడు. ఏడుపును ఎవరూ ముద్ర వేయించుకోరు కదా అంది. వాడు ఏడ్చేవాడనీ, తను ఎత్తుకునేదాన్ననీ తెలుసునంది. ఆ ముఖం మాత్రం తన దగ్గర లేదంది.

తరళ కొత్త కాగితం పరిచింది. నోరు బార్లా తెరిచి ఏడుస్తున్న ఒక పసివాణ్ణి గీసింది. వైజయంతి దానివైపే చూస్తూ కూర్చుంది. బయట ఎవరో నవ్వుకుంటూ వెళ్ళారు. పక్క గదిలో మనోముద్రిక మోగి ఆగింది.

“కాదు,” అంది చివరికి. “వాడు నోరు తెరిచేవాడు కాదు. ముందు గడ్డం వణికేది.”

ఆ మాట చెబుతుంటే ఆమె గడ్డమే వణికింది. తరళ బొటనవేలితో నోటిని చెరిపేసి, బొగ్గును గడ్డం దగ్గర ఆనించింది.